స్కోరు షీటు గారికి ఒక సబ్‌స్టిట్యూట్ ఆటగాడి విన్నపం

మహారాజశ్రీ బాస్కెట్‌బాల్ స్కోరు షీటు గారికి,

విశాఖపట్నం నుంచి మీ వీరాభిమాని నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. సముద్రపు గాలికి మా కోర్టులో రింగు తుప్పు పట్టింది, నెట్ సగం ఊడిపోయింది. మీరు మాత్రం కార్బన్ కాపీలతో సహా ప్లాస్టిక్ కవర్లో చెక్కుచెదరకుండా ఉన్నారు. సంతోషం.

మీరే లేకపోతే మా జట్టుకు నాయకుడెవరో మాకు తెలిసేదా? ఎవరి పాయింట్లు ఎక్కువుంటే వాడే కెప్టెన్. మా కమిటీ పెద్దలకు అంతకు మించి బుర్ర పెట్టే అవసరం మీరు రానివ్వలేదు. మా స్టారు కెప్టెన్ గుంటడు బాగా ఆడతాడు, అందులో నాకు పేచీ లేదు. వాడు జంప్ షాట్ వేస్తే బంతి రింగుకు తగలకుండా దిగుతుంది. అది చూడ్డానికి జనం మురీ మిక్చర్ పొట్లాలతో వచ్చి గోడెక్కి కూర్చుంటారు.

మొన్నటి ఫైనల్లో మూడో క్వార్టర్ సంగతి మాత్రం మీతో చెప్పాలి. మీరు బల్ల మీదే ఉన్నారు గానీ చూసినట్టు లేదు. స్టారు గారిని ఇద్దరు చుట్టేశారు. రింగు కింద మా ఏడో నంబరు కుర్రాడు ఖాళీగా ఉండి చెయ్యెత్తాడు. బంతి వచ్చింది, వేశాడు, బోర్డుకు తగిలి బయటపడింది. స్టారు గారు నడుం మీద చేతులు పెట్టుకుని వాడి వంక ఒక చూపు చూశారు. అవతల ఎదుటి జట్టు బంతి తీసుకుని పరిగెడుతోంది, ఈయన ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఆ కుర్రాడికి మళ్లీ ఖాళీ దొరికింది. బంతిని కాలిన పెనంలా వదిలించుకుని ఆయనకే ఇచ్చేశాడు. నాలుగో క్వార్టర్‌కి మిగతా నలుగురూ టికెట్ లేని ప్రేక్షకులు.

మ్యాచ్ పోయింది. మీలో మాత్రం అంకెల మీద ఏటవాలు గీతలు, పక్కన వరసగా ఆయన నంబరే, మూడు పాయింట్ల షాట్లకు దాని చుట్టూ సున్నా. ఐదు ఫౌళ్లకు ఐదు గళ్లు పెట్టుకున్నారు కదా, ఆ చూపు రాయడానికి ఒక్క గడి పెట్టుకోలేకపోయారా? మర్నాడు జిల్లా పేజీలో ఆయన ఫోటో, ‘ఒంటరి పోరాటం’ అని హెడ్డింగు. ఒంటరిని చేసుకున్నదెవరో అడిగేవాడు లేడు.

అమెరికాలో మీ బంధువులూ తక్కువేం కాదు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి అతని సగటు 50.4 పాయింట్లు. టైటిల్ ఎవరికి పోయింది? బోస్టన్ సెల్టిక్స్‌కి. ఆ జట్టులో బిల్ రసెల్ అని ఒకడు, కెరీర్ సగటు 15.1. మీ లెక్కలో సామాన్యుడు. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు, ఆఖరి రెండూ తనే కోచ్‌గా ఉంటూ. అతని గొప్పంతా ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే ఆపేయడంలో ఉంది. ఆ బ్లాకులు ఎన్నో చెబుతారా? చెప్పలేరు. 1973-74 సీజన్ దాకా ఎన్‌బీఏ వాటిని అధికారికంగా లెక్కే పెట్టలేదు. అప్పటికి రసెల్ రిటైరై నాలుగేళ్లయింది! చాంబర్లేన్‌కి తొలి టైటిల్ 1967లో వచ్చింది. ఆ సీజన్‌లో అతని సగటు 24.1. అంతకు ముందు ఏడు సీజన్లూ పాయింట్లలో అతనే మొదటివాడు, ఒక్క టైటిలూ లేదు.

షికాగో స్టారు మైకేల్ జోర్డాన్ పేరు చెప్పి నా నోరు మూయించొద్దు. 1986 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద ఆయన 63 పాయింట్లు కొట్టిన రోజు షికాగో 135-131తో ఓడింది. పోనీ ఆ తర్వాత సాధువయ్యాడా అంటే అదీ లేదు. 1995లో ప్రాక్టీసులో తన జట్టువాడే అయిన స్టీవ్ కెర్‌ని కొట్టాడు కూడా. కానీ 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివర్లో, స్కోరు సమంగా ఉండగా, మీదికొచ్చిన డిఫెండర్లను చూసి బంతిని ఆ కెర్ చేతికే ఇచ్చాడు. కెర్ వేశాడు, షికాగో గెలిచింది.

కాబట్టి స్టారు నాయకుడు కాలేడని నేననను. నాకు తెలియాల్సింది ఒకటే: షాట్ తప్పినవాడు మళ్లీ ధైర్యంగా వేస్తున్నాడా, లేదా? మా ఏడో నంబరు వెయ్యలేదు. మీ దగ్గర దానికి సాక్ష్యం లేదు, వెయ్యని షాట్‌ని మీరు రాసుకోరు కదా.

వచ్చే ఆదివారం కొత్త సీజన్‌కి కెప్టెన్ ఎంపిక. సెక్రటరీ గారు మిమ్మల్ని ఫైల్లో పెట్టుకుని వస్తారు, పైనుంచి కిందికి వేలు జరిపి అత్యధిక అంకె దగ్గర ఆపుతారు, ఆ పేరు పక్కన ‘కెప్టెన్’ అని రాసేస్తారు. టీలు అందించే పని ఆ రోజు నాది. గ్లాసు గానీ ఒరిగి మీ మీద పడితే పెద్ద మనసుతో క్షమించగలరు.

ఇట్లు,
మీ అట్టడుగు వరసలో సున్నాతో ఉండే
పదిహేనో నంబరు