ఇడ్లీ ఉందా? స్కాన్ చేయండి సార్!

మన టిఫిన్ హోటళ్లలో వచ్చిన విజ్ఞాన విప్లవాన్ని ఎవరూ తగినంతగా మెచ్చుకోవడం లేదు. గోడ మీది ధరల బోర్డు పీకేశారు. మెనూ కార్డు మాయమైంది. వాటి బదులు టేబుల్ మీద నలుపూ తెలుపూ గళ్ల క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఒకటి అంటించారు.

సర్వర్ మాత్రం పక్కనే నిలబడి ఉంటాడు.

"ఇడ్లీ ఉందా?"

"స్కాన్ చేయండి సార్."

"ప్లేటెంత?"

"అందులోనే ఉంటుంది సార్."

ఏసీ హాల్లో సిగ్నల్ ఉండదు. వైఫై పాస్‌వర్డ్ అడిగితే గోడ మీద ఇంకో కోడ్ చూపిస్తాడు. అదీ కానిచ్చాక పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ, పుట్టినరోజు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. అన్నీ సమర్పించుకుంటే ఒక పీడీఎఫ్ దిగుతుంది. అక్షరాలు పెద్దవి చేస్తే ధరలు పక్కకి పోతాయి, ధరలు లాక్కొస్తే ఐటమ్ పేర్లు పోతాయి. ఎలాగో పట్టుకుని "రెండు ఇడ్లీ" అంటామా, "అయిపోయాయి సార్" అంటాడు. ఆ ఒక్క ముక్కా కోడ్‌లో లేదు! "ఇడ్లీ వడ పూరీ ఉప్మా పెసరట్టు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన సర్వర్ల వంశం ఇది.

పాపం, మసహిరో హరాకి ఇవేవీ తెలియవు. జపాన్‌లోని డెన్సో సంస్థలో ఆయన బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ని తయారుచేసింది కారు విడిభాగాల లెక్క కోసం. కోడ్‌లో దాదాపు 30 శాతం చెడిపోయినా చదవగలిగేలా కూడా చేయొచ్చు. అంటే సాంబారు ఒలికినా ఫర్వాలేదు. ఆకలితో ఉన్నవాడికే ఆ ఏర్పాటు లేదు.

కోడ్‌ని తిట్టడం లేదండీ. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా తెలుస్తాయి. అలాగని ప్యాకెట్ మీది గడువు తేదీని చెరిపేయలేదుగా!

బటన్ ఫోన్ జేబులో పెట్టుకున్న ఒక పెద్దాయన ఆ స్టిక్కర్‌ని కాసేపు వేలితో తడిమి చూశాడు. "ఏమున్నాయి నాయనా?" అని రెండుసార్లు అడిగాడు. సర్వర్ స్టిక్కర్ వైపే చూపించాడు. "సరే, ఒక కాఫీ ఇయ్యి చాలు" అన్నాడాయన. సిగ్గుండాలి! ఆకలితో వచ్చిన మనిషికి నోటితో నాలుగు పేర్లు చెప్పడానికి ఏం రోగం? ఫోన్ నంబరు ఇస్తేనే సరుకిస్తామని పట్టుబట్టొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు చెప్పింది. అయినా దోసె పోయడానికి నా పుట్టినరోజెందుకురా మీకు?

బిల్లు దగ్గర కోడ్ చూడండి. ఓటీపీ అడగదు, పుట్టినరోజు అడగదు, సిగ్నల్ కూడా ఎక్కడ్నుంచో వచ్చేస్తుంది. మనం ఎంత కట్టామో కౌంటర్ మీది స్పీకరు వీధి వీధంతా వినబడేలా చదివి వినిపిస్తుంది. అదే స్పీకర్‌తో పొద్దున్నే ఒకసారి ఇడ్లీ ధర కూడా చెప్పించొచ్చుగా?