ప్లాటినం తీగ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కౌంటర్ ఎలక్ట్రోడ్ ప్లాటినం తీగ గారికి,

నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకంగా గ్రాము వేల రూపాయలు పలికే మిమ్మల్ని వదిలించుకుందామనే మాలిబ్డినం సల్ఫైడు, నికెల్ ఫాస్ఫైడు లాంటి చవక సరుకుల వెంట పడ్డాం. తీరా వాటిని పరీక్షించడానికి సెల్‌లో ఎదురుగా, కరెంటు చుట్టు పూర్తిచేసే కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా మిమ్మల్నే కూర్చోబెట్టాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేమైతే పీట వేసి మరీ పిలిచాం.

మీ పనితనం చెప్పుకోవాలి. 5 మిల్లీగ్రాముల పొడిని మిల్లీలీటరు నీళ్లు-ఐసోప్రొపనాల్‌లో జిగురుగా పనిచేసే నాఫియాన్ పాలిమర్ కలిపి, ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో అరగంట పెట్టి, 3 మి.మీ. వ్యాసం గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద 5 మైక్రోలీటర్లు వేసి ఆరబెడతాం. అక్కడ మిగిలే పొడి 25 మైక్రోగ్రాములు. దాన్ని 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో దించి, వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ వేల సైకిళ్లు తిప్పుతాం. ఇటు హైడ్రోజన్ బుడగలు లేస్తుంటే అటు మీ పొటెన్షియల్ ఆక్సిజన్ వదిలేదాకా ఎక్కుతుంది. ఎక్కి దిగిన ప్రతిసారీ మీ పైపొర ఆక్సైడై, తిరిగి లోహమై, ఇసుమంత కరుగుతుంది. వోల్టేజి కొలతకు ఆధారంగా పెట్టిన సిల్వర్ క్లోరైడు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నుంచి క్లోరైడు కారిందా, మీకు మరీ హుషారు. కరిగిన మీరు ఈదుకుంటూ వచ్చి మా పొడి మీద లోహమై తిష్ఠ వేస్తారు. 25లో ఒక్క మైక్రోగ్రాము చేరినా కథ మారిపోతుంది.

చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు ఇవ్వడానికి మొదట్లో 200 మిల్లీవోల్టులు అదనంగా అడిగిన పొడి, తర్వాత 80తోనే సరిపెట్టుకుంటుంది. ట్యాఫెల్ వాలు, అంటే కరెంటు పదింతలు కావడానికి ఇంకా కావాల్సిన మిల్లీవోల్టులు, మీ సొంత అంకె 30 వైపు జారుతుంది. వాడేకొద్దీ అరగాల్సింది మెరుగవుతుంటే అనుమానం రావాలి కదా? మావాళ్లు దానికి ‘యాక్టివేషన్’ అని ముద్దుపేరు పెట్టి, ‘ప్లాటినం రహితం’ అని అచ్చేయించారు. సొమ్మొకడిది, సోకొకడిది!

ఇకమీదట ఆ చోటు గ్రాఫైట్ కడ్డీది. అదీ అరుగుతుంది, నల్లటి నలుసులు రాలుస్తుంది. అయినా ఆ బొగ్గుకు హైడ్రోజన్ తీసే ప్రతాపం లేదు. మీరు తప్పనిసరైతే మధ్యలో పొర కట్టి వేరే గదిలో ఉంచుతాం. దానివల్ల మీ ప్రయాణం ఆలస్యమవుతుందే తప్ప కరగడం ఆగదు. పైపొరలోని మూలకాలను ఎక్స్-రేలతో గుర్తించే ఎక్స్‌పీఎస్‌లో 71 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర మిమ్మల్ని వెతకబోతే, నికెల్ శిఖరం 68 దగ్గరే నిలబడి మీకు చాటు కల్పిస్తుంది. అందుకే పరీక్ష అయ్యాక ఎలక్ట్రోడ్ మీది పొడిని కరిగించి, ఇసుమంత లోహాన్నీ లెక్కతేల్చే ఐసీపీ-ఎంఎస్ పరీక్షకి పంపుతున్నాం.

ఇట్లు,
గ్రాఫైట్ కడ్డీ కొన్నవాళ్లు

తా.క.: పొటాషియం హైడ్రాక్సైడులో మలినంగా దాక్కుని నికెల్‌కు లేని గొప్ప తెచ్చిపెడుతున్న ఇనుము గారికి విడిగా రాస్తున్నాం. ఆయన్ని పట్టి తీసేయడానికి ఆ ద్రావణంలో నికెల్ హైడ్రాక్సైడు ముద్ద వేసి కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తేర్చడం ఇప్పటికే మొదలుపెట్టామని ఆయనకు మీరే చెప్పండి.