‘లా’ కనబడితే చాలు, ఉపమేనట!

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఇందాకే తెలుగు పరీక్ష పేపర్ ఫోటో పంపి, ‘మామయ్యా, ఇది నిజంగా తప్పా?’ అని అడిగింది. చూసిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

ఉపమాలంకారం (ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చడం) ఉన్నది ఏది అని ప్రశ్న. ఒకటి ‘వాన పడేలా ఉంది’. ఇంకొకటి ‘కలువకన్నుల పాప’. పిల్ల కలువకన్నులకి టిక్ పెట్టింది. పక్కన పెన్సిల్‌తో సన్నగా ‘కలువల వంటి కన్నులు’ అని సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం కూడా రాసుకుంది. ఆ పెన్సిల్ అక్షరాల మీద నుంచే ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ కొట్టారు. సరైన జవాబు ‘వాన పడేలా ఉంది’ అట. ఎందుకంటే అందులో ‘లా’ ఉందట!

వాన పడేలా ఉందంటే దేన్ని దేనితో పోల్చినట్టండీ? ఉపమేయం (మనం పోల్చే వస్తువు) ఏది? ఉపమానం (దేనితో పోలుస్తామో అది) ఏది? మబ్బు పట్టిందని చెప్పే మామూలు మాట అది. ‘తమ్ముడు అన్నలాగే పొడుగు’ అన్నా అలంకారం కాదు, ఉన్నమాట చెప్పడమే. ఉపమ అంటే వేరు వేరు జాతుల వస్తువుల మధ్య మనసుకు హత్తుకునే పోలిక. ఉపమేయం, ఉపమానం, రెండింటికీ ఉన్న సమానధర్మం, ‘వంటి’, ‘వలె’ లాంటి ఉపమావాచకం నాలుగూ ఉంటే పూర్ణోపమ. వాటిలో ఏదైనా లోపిస్తే లుప్తోపమ. కలువకన్నుల్లో ‘వంటి’ కనబడదు, ‘అందమైన’ కూడా కనబడదు. అయినా అది ఉపమే. ఆ సంగతి పిల్లకి తెలుసు. దిద్దినవాళ్లకే తెలియలేదు.

ఈ జబ్బంతా అడ్డదారి చిట్కాలతో వచ్చింది. ‘వలె, లాగా ఉంటే ఉపమ, లేకపోతే రూపకం’ అని పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నారు. రూపకమంటే ఇది దానిలా ఉందనకుండా, ఇదే అది అనేయడం. మరి ‘ముఖపద్మం’ ఏమిటి? పద్మం వంటి ముఖం అనుకుంటే ఉపమ, ముఖమనే పద్మం అనుకుంటే రూపకం. ఏదో తేల్చేది పక్కనున్న క్రియ. ‘ముఖపద్మం నవ్వింది’ అంటే నవ్వేది ముఖం కాబట్టి ఉపమ. ‘ముఖపద్మం వికసించింది’ అంటే వికసించేది పద్మం కాబట్టి రూపకం. ఒక్క క్రియ మారితే అలంకారమే మారిపోతుంది. ఇంత అందమైన సంగతిని తరగతిలో పది నిమిషాలు చెబితే పిల్లలు కళ్లింత చేసుకుని వింటారు. చెప్పరే!

భేదం మరుగుపడిన ఉపమే రూపకమని సంస్కృత ఆలంకారికుడు దండి ఎప్పుడో చెప్పాడు. రెండూ అక్కాచెల్లెళ్లే. కానీ ఒకటి కాదు. ఈ ముక్క అనగానే నాకు పదో తరగతి గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. (‘మంట చల్లారలేదు’ అన్నానా? కోపాన్ని నిప్పు చేసేశాను, ‘లా’ లేకుండానే. మనం రోజూ మాట్లాడేదే ఇలా.)

అప్పుడు వ్యాసంలో ‘మా నాన్న మర్రిచెట్టు’ అని రాశాను. మాస్టారు నా వాక్యం కొట్టేసి ‘మా నాన్న మర్రిచెట్టులా నీడనిస్తాడు’ అని రాశారు. ‘మనిషి చెట్టెలా అవుతాడురా’ అని అందరి ముందూ అడిగారు. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

నీడ ఒక్కటే చెప్పాలనుకుంటే నేనే ‘లా’ పెట్టేవాణ్ణి కదా! ‘నీడనిస్తాడు’ అనగానే పోలిక ఆ ఒక్క గుణం దగ్గరే ఆగిపోయింది. మర్రిచెట్టు అని ఊరుకుంటే చెట్టు మొత్తం వస్తుంది. నీడా వస్తుంది, ఊడలూ వస్తాయి, దాని కింద మరో మొక్క ఎదగదన్న మాటా వస్తుంది. మా నాన్న అన్నీనూ. ఇంటిల్లిపాదినీ కాశాడు, ఆయన ముందు ఎవరూ నోరెత్తలేకపోయాం. పదిహేనేళ్లవాణ్ణి, ఆ రెండూ విడివిడిగా రాసే ధైర్యం లేక ఒక్క మాటలో పెట్టాను. ఆ ఒక్క మాటనే మాస్టారు సరిచేశారు. ఆ తర్వాత స్కూల్లో ఇంకెప్పుడూ నా సొంత పోలిక ఒక్కటి కూడా రాయలేదు. గైడ్‌లో ఉన్నవే రాశాను, మార్కులు బాగానే వచ్చాయి.

ఇందాక పిల్ల ఫోన్‌లో ‘పోనీలే మామయ్యా, ఈసారి ‘లా’ ఉన్నదే పెడతాలే’ అంది. పోనీలే అని ఊరుకోవడం నావల్ల కాదు. రేపు సెలవు పెట్టి ఆ పేపర్ పట్టుకుని బడికి వెళ్తున్నాను. మార్కు కలిపినా కలపకపోయినా, ఆ ఇంటూ మాత్రం కొట్టేయించే వస్తాను.