మనిషిని కదిలించాల్నా, ఇల్లు సవరించాల్నా?

(పరకాలలో పెంకుటింట్లో ఒక్కడే ఉంటున్న 76 ఏళ్ల తండ్రి. తనతో రమ్మని హనుమకొండ నుంచి వచ్చిన బిడ్డ. మన దిక్కు చానా ఇండ్లల్ల నడుస్తున్న మాటలే ఇవి.)

బిడ్డ: మా దగ్గర లిఫ్టున్నది, ఇరవై నాలుగ్గంటలు నీళ్లున్నయి. ఈ ఇంట్ల నీకేమున్నది బాపు?

బాపు: మీ అవ్వ పెట్టిన మల్లెచెట్టున్నది. పొద్దుగాల అరుగు మీద కూసుంటే పదిమంది పలకరిస్తరు. మీరు నౌకర్లకు పోతే నేను గోడలతోని మాట్లాడాల్నా?

బిడ్డ: పోయినేడు తానాల గదిల జారిపడ్డవు. లోపల గొళ్లెం పెట్టుకున్నవు. పాలాయన వచ్చేదాక ఎవలకు తెల్వలే. అప్పుడేడికి పోయిండ్రు నీ పదిమంది?

బాపు: (కొంచెంసేపు మాట్లాడలేదు) నిజమే బిడ్డా. గని నన్ను పడేసింది నున్నటి బండలు. మీ ఇంట్ల బండలు ఇంకా నునుపు. గరుకు బండలేపిస్త. కమోడు పక్కన స్టీలు కడ్డీ పెట్టిస్త, ఉత్త ప్లాస్టరుకు కాదు, ఇటుకల్లకు దిగేటట్టు. మంచం కాడికెల్లి అక్కడిదాక రాత్రంత చిన్న బల్బు. పాత వైర్లు తీపిచ్చి, ఎర్తు వేపిచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ అనే స్విచ్చి పెట్టిస్త. తడిచెయ్యికి షాకు కొడితే కరెంటు దానంతటదే బందయితది. ముసలోళ్లను కదిలిద్దామనేటోళ్లే అందరు. ఇల్లు సవరిద్దామని ఎవ్వరనరు. కొత్త ఇంట్ల రాత్రి లేస్తే గోడ ఏడున్నదో దేవులాడుకోవాలె.

బిడ్డ: మరి కోతులు? పెంకలు పలగ్గొడుతనే ఉంటయి. వాన కురిసి గోడ నానుతది. నిచ్చెన ఎక్కుతవా?

బాపు: నేనెక్క. మిరుగానికి ముందే మేస్త్రితోని సదిరిపిస్త.

బిడ్డ: పైసలు అన్న ఇస్తడా? ఇల్లు తన పేర చెయ్యమనుడే గని ఒక్క పెంక కొన్నడా?

బాపు: అన్నను నడుమల తేకు.

బిడ్డ: తెస్త. రాసిచ్చేదుంటే, నిన్ను చూసుకుంటేనే చెల్లుతదని కాయితంల రాపియ్యి. ముసలి తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టమున్నది. చూసుకోకపోతే ఆర్డీవో దగ్గర రద్దు చేపియ్యొచ్చు.

బాపు: కొడుకు మీద ఫిర్యాదు పెట్టే రోజు నాకెందుకు? అసలు రాసియ్యనే రాసియ్య. నేనున్నన్ని దినాలు ఇల్లు నా పేర్నే.

బిడ్డ: ఒక్కనివి ఉండేది నువ్వు. రాత్రి ఫోను మోగితే గుండె గుబేలుమనేది నాకు.

బాపు: అయితే పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి నేనే చేస్త. చెయ్యకపోతే పక్కింటోళ్లకు చెయ్యి. తాళంచెవి వాళ్లకిస్త.

బిడ్డ: గొళ్లెం?

బాపు: ఇప్పుడే ఊడదీస్త. స్క్రూడ్రైవరు అల్మారిల ఉన్నది, తే.