సిస్టర్‌కూ జీతం ఉంటుందా?

2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎయిడెడ్ స్కూళ్లలో పాఠాలు చెప్పే కేథలిక్ సిస్టర్లు, ఫాదర్ల జీతాల్లోంచి టీడీఎస్, అంటే జీతం ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్ చేయాల్సిందేనని. 1944 నుంచి వస్తున్న మినహాయింపు కొనసాగాలన్న వాదన నిలబడలేదు. కేసులు ప్రధానంగా తమిళనాడు, కేరళవే. కానీ ఆ వార్త చదువుతుంటే కాజీపేటలో మాకు లెక్కలు చెప్పిన సిస్టర్ గుర్తొచ్చింది, అన్నేళ్లు ఆమె దగ్గర చదివి కూడా ఆమెకూ జీతం లెక్క ఒకటి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

సభల వాదన, అంటే ఈ సిస్టర్లు, ఫాదర్లు చేరిన మత సంఘాల వాదన, తేలిగ్గానే అర్థమవుతుంది. పేదరిక వ్రతం తీసుకున్న సిస్టర్‌కు సొంత ఆస్తి ఉండదు, జీతం సభకే పోతుంది, అలాంటప్పుడు పన్ను ఎవరి మీద? కోర్టు మాత్రం డబ్బు తర్వాత ఎటు పోయినా చేసింది ఉద్యోగం, వచ్చింది జీతం అన్నది. చాలామందికి ఇది కఠినంగా తోచింది. నాకు ఆ మాటలో గౌరవం కనిపించింది. మనం సేవ అని దండం పెట్టి పక్కన పెట్టేసిన దాన్ని పని అన్నది కోర్టు.

మా వైపు కాన్వెంట్ అంటే ఇంగ్లిష్ మీడియం స్కూలు. ఒక్క సిస్టర్ కూడా లేని స్కూలునూ కాన్వెంటే అంటాం. ఆ మాటకు అసలు అర్థం సిస్టర్లు ఉండే ఇల్లు. ఇల్లు పోయింది, అందులో ఉండే మనిషీ పోయింది, మనకు ఫీజూ, యూనిఫామూ మిగిలాయి. ఆ మనిషి వెనక ఎంత తయారీ ఉంటుందో చూడండి: కనీసం ఏడాది నొవిషియేట్ అనే శిక్షణ, ఆ తర్వాత కనీసం మూడేళ్లు తాత్కాలిక వ్రతాలు, అప్పుడు గానీ జీవితాంత వ్రతాలు లేవు. పాఠాలు చెప్పాలంటే డిగ్రీ, బీఈడీ వేరే.

మదర్ తెరెసానే తీసుకోండి. 1931 నుంచి 1948 దాకా ఆమె కలకత్తాలో టీచరమ్మ, భూగోళం, చరిత్ర చెప్పేది. ఆమె పోయింది కూడా సెప్టెంబర్ 5నే, 1997లో. అయినా టీచర్స్ డే నాడు ఆమె పేరు తలచుకునే స్కూలును నేను చూడలేదు.

మా సిస్టర్‌ది కేరళ. మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్, ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. బెల్ కొట్టాక నన్నూ ఇంకో నలుగురినీ కూర్చోబెట్టుకుని, అదే భిన్నాన్ని రొట్టె ముక్కలతో ఒకసారి, రూపాయి చిల్లరతో ఒకసారి, మాకు ఎక్కేదాకా చెప్పేది. "గట్ల కాదు బిడ్డా" అని మలయాళం యాసలో అనేది. అది ఓపిక ఒక్కటే కాదు, పిల్ల ఎక్కడ తప్పుతుందో పట్టుకునే నైపుణ్యం, ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చేది. అదే పని ప్రభుత్వ టీచర్ చేస్తే రిటైర్మెంట్ రోజున శాలువా, సభ, ఊరేగింపు ఉంటాయి. సిస్టర్‌కు ట్రాన్స్‌ఫర్ కాగితం వస్తుంది. మేం ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమె వెళ్లిపోయింది, ఒక్క ట్రంకు పెట్టెతో, దాన్ని బోగీలోకి ఎక్కించింది మా నాయినే.

పోయినేడు పాత క్లాస్‌మేట్స్ హన్మకొండలో కలిశాం. ఇరవై మందిమి ఉన్నాం. ఆమె ఇప్పుడు ఎక్కడుందని అడిగితే ఒక్కొక్కరం ఒక్కో ఊరు చెప్పాం.