తొక్కుడుబిళ్ళ మాన్పించి కాల్షియం బిళ్ళ చేతిలో పెడతామా?

యాభై దాటిన అమ్మకు ఎముకలు గుల్లబారాయని తేలగానే మన ఇళ్లలో జరిగేది తెలిసిందే. కాల్షియం, విటమిన్ డి, పొద్దున్నే పార్కులో నడక. అవి మానమని అనను. కానీ ఆ ఎముకల బలంలో చాలా భాగం ఆమె బడికెళ్లే వయసులోనే తేలిపోయింది.

మీద పడే బరువును బట్టి ఎముక తనను తాను కట్టుకుంటుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పిన సూత్రమిది. టెన్నిస్ క్రీడాకారుల్లో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతిదానికన్నా లావుగా, గట్టిగా ఉంటుంది. ఒకే ఒళ్లు, ఒకే తిండి. తేడా అంతా ఆ చెయ్యి తిన్న అదురులోనే. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత నెలకు 1 శాతానికి పైగా తరిగిపోతుంది. ఈతతో గుండెకు ఎంత మేలు జరిగినా ఎముకకు ఒరిగేది తక్కువే. గెంతాలి, దూకాలి, పరుగులో చటుక్కున మలుపు తిరగాలి, బరువెత్తాలి. అదీ గంటల తరబడి అక్కర్లేదు. కొన్ని పదుల గెంతులయ్యాక ఎముక కణాలు స్పందించడం తగ్గిస్తాయి, కొన్ని గంటలు వదిలేస్తే మళ్లీ సిద్ధమవుతాయి. ఒంటికాలి మీద గెంతే తొక్కుడుబిళ్ళ, ఖోఖో, కబడ్డీ చేసేది ఈ పనే!

పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు పాతిక శాతం, ఒళ్లు వేగంగా ఎదిగే రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లలకు అది పన్నెండు, పదమూడేళ్ల ప్రాంతం. ఫిన్లాండ్‌లో రాకెట్ ఆటలాడే స్త్రీలను పరీక్షిస్తే, రజస్వల కాకముందే ఆట మొదలెట్టినవాళ్ల చేతి ఎముకకు దక్కిన లాభం ఆలస్యంగా వచ్చినవాళ్లకన్నా దాదాపు రెట్టింపు. సరిగ్గా ఆ వయసులోనే మనం పెద్దమనిషి అయిందని పిల్లను వీధిలో ఆడనివ్వం. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాం. పదో తరగతి కాగానే మైదానమే లేని ఇంటర్ కాలేజీలో పొద్దుట నుంచి రాత్రిదాకా కూర్చోబెడతాం.

అతిగా ఆడి, చాలినంత తినక, నెలసరి ఆగి ఎముకలు చిట్లిన క్రీడాకారిణులు లేరా అంటారు. ఉన్నారు. ఆ పిల్లలకు కావలసింది కడుపునిండా తిండి, విషయం తెలిసిన కోచ్. ఆస్ట్రేలియాలో మెనోపాజ్ దాటిన స్త్రీలు పర్యవేక్షణలో ఎనిమిది నెలలు పెద్ద బరువులెత్తితే వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. మన అమ్మలకూ ఆ శిక్షణ అందాల్సిందే. కానీ బాల్యంలో పోగొట్టుకున్నదంతా దానితో తిరిగిరాదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అంతటి బిడ్డను కన్న నేల మీద ఆడపిల్లకు గెంతడానికి జాగా లేదంటే సిగ్గుపడాలి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. ఆ హక్కు పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది, ఇంటర్ పిల్లలకు వర్తించదు. రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ ఆ లోటు పూడ్చాలి. మైదానం చూపించని కాలేజీకి, అందులో అమ్మాయిలకు రోజూ ఒక పీరియడ్ ఆట పెట్టని కాలేజీకి వచ్చే ఏడాది గుర్తింపు ఇవ్వకూడదు.