బతికొచ్చినందుకు మరిచిపోయాం

అరుణ్ ఖేతర్‌పాల్ పేరు వినే ఉంటారు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో 21 ఏళ్ళ కుర్రాడు. ట్యాంకు అంటుకుంది, దిగిపొమ్మంటే దిగలేదు, బసంతర్ నది దగ్గర ప్రాణం వదిలాడు. ప్రతి డిసెంబర్ 16కీ, అంటే విజయ్ దివస్‌కి, అతని ఫొటో తిరుగుతుంది, తిరగాలి కూడా. మరి ఆ రోజు అక్కడ పోరాడిన డివిజన్‌ని, అంటే వేలమంది సైనికుల దళాన్ని, నడిపిన జనరల్ ఎవరో చెప్పండి చూద్దాం.

వాల్టర్ ఆంథోనీ గుస్తావో పింటో. 1924లో పుట్టారు, కాథలిక్కు. లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరై, 2021 మార్చి 25న పుణేలో 96 ఏళ్ళ వయసులో పోయారు. అప్పుడు మహారాష్ట్రలో కరోనా మళ్ళీ విజృంభిస్తోంది, పెద్దాయన పోయాడన్న వార్త ఎవరికి పట్టింది? పట్టాల్సింది మనకి. ఆయన నడిపిన 54వ డివిజన్ అంటే బైసన్ డివిజనే. దాని కేంద్రం మన సికింద్రాబాదే, బొల్లారం, తిరుమలగిరి వైపు వాళ్ళని అడిగితే చెబుతారు.

శకర్‌గఢ్ అంటే జమ్మూ-పఠాన్‌కోట్ రోడ్డు వైపు పొడుచుకొచ్చిన పాకిస్తాన్ భూభాగం. అక్కణ్ణుంచి వాళ్ళు దూసుకొస్తే జమ్మూకి దారి తెగిపోతుంది. అందుకే మనవాళ్ళే ముందు లోపలికెళ్ళారు. అడుగడుగునా మందుపాతరలు. డిసెంబర్ 15 రాత్రి పదాతి దళం బసంతర్ దాటేసింది. అవతల శత్రు ట్యాంకుల చప్పుడు. ఇంజనీర్లు మైన్లు పూర్తిగా ఏరనేలేదు, అయినా ఖేతర్‌పాల్ ఉన్న పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ఆగకుండా వెళ్ళిపోయాయి. మర్నాడే ఖేతర్‌పాల్ పోరాటం. 17 సాయంత్రానికి కాల్పుల విరమణ. ఆ ఒక్క పోరులో ఈ డివిజన్‌కి రెండు పరమవీర చక్రాలు.

రెండోది ఎవరికి? మేజర్ హోషియార్ సింగ్‌కి. జర్పాల్ అనే ఊరి దగ్గర ఒళ్ళంతా గాయాలతో కందకం నుంచి కందకానికి తిరుగుతూ జవాన్లని నిలబెట్టాడు. 71 యుద్ధంలో ఆ పతకాన్ని బతికుండగా అందుకున్నది ఆయనొక్కడే. 1998లో పోయాడు. ఆయన ఫొటో మీ వాట్సాప్‌కి ఎన్నిసార్లొచ్చింది? అదీ నా కడుపుమంట. మనకి అమరుడే కావాలి. గెలిచి, ఇంటికొచ్చి, జుట్టు నెరిసి, మోకాళ్ళ నొప్పులతో చర్చికెళ్ళే ముసలాయనతో ఏం చేయాలో మనకి తెలీదు. దండ వేయడానికి ఫొటో ఉండాలిగా! పైగా మాజీ సైనికుడు పింఛను కోసం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాలి.

ఇక ఇంకో గొడవ. "క్రైస్తవులకి దేశభక్తి ఉందా" అని ఒకడంటాడు, వెంటనే ఇంకొకడు క్రైస్తవ జనరళ్ళ జాబితా పెడతాడు. పింటో గారి పేరు బయటికొచ్చేది ఎక్కువగా అక్కడే, పూచీకత్తులా. ఆ ఖర్మ ఆయనకెందుకు? కంటోన్మెంట్ ఊళ్ళలో పటాలానికీ కాథలిక్కుల ఆర్‌సీఎం చర్చికీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి మొదలైందే ఐరిష్ సిపాయిల కోసం. అవతల శత్రు ట్యాంకులు కదులుతుంటే డివిజన్ కమాండర్ జపమాల తిప్పుతాడా, రుద్రాక్ష తిప్పుతాడా అని ఏ జవానూ అడగలేదు.

ఈ డిసెంబర్‌లో స్కూళ్ళలో విజయ్ దివస్ ఉపన్యాసాలిచ్చే మాస్టార్లకి ఒక మనవి. ఖేతర్‌పాల్ గురించి చెప్పండి, తప్పకుండా. తర్వాత ఇంకో ఐదు నిమిషాలు తీసుకుని హోషియార్ సింగ్ గురించి, పింటో గురించి కూడా చెప్పండి. సికింద్రాబాద్ స్కూలైతే పది నిమిషాలు తీసుకోండి.